సీసా మీద పాట పేరు

సంగీత ఆల్బమ్‌కు జోడీగా అదే పేరుతో, అదే ముఖచిత్రంతో ప్రత్యేక వైన్‌ను బజారులోకి తేవడం పాశ్చాత్య సంగీత వ్యాపారంలో ఈ శతాబ్దంలో స్థిరపడిన పద్ధతి. ఇది మూడు రకాలుగా సాగుతోంది. కొత్త ఆల్బమ్ విడుదలతో పాటే దాని పేరున వైన్ రావడం మొదటి రకం. దశాబ్దాల కిందటి ప్రసిద్ధ ఆల్బమ్ పేరును వైన్ కంపెనీ అనుమతి తీసుకుని వాడుకోవడం రెండోది. గాయకుడే ద్రాక్షతోట కొని, అక్కడి సీసాలకు తన పాటల పేర్లు పెట్టడం మూడోది. కాలిఫోర్నియాలోని మెండొసినో నుంచి వచ్చిన ‘వైన్స్ దట్ రాక్’ వరుస రెండో రకానికి చక్కటి ఉదాహరణ. పింక్ ఫ్లాయిడ్ ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ పేరున కాబెర్నే సోవిన్యోన్, రోలింగ్ స్టోన్స్ ‘ఫార్టీ లిక్స్’ పేరున మెర్లో, ద పోలీస్ ‘సింక్రానిసిటీ’ పేరున ఎర్ర వైన్ల మిశ్రమం, వుడ్‌స్టాక్ పేరున షార్డనే ఆ వరుసలో ఉన్నాయి. ఇటలీలోని టస్కనీలో గాయకుడు స్టింగ్‌కు ఉన్న ఇల్ పలాజో తోట వైన్లు ‘మెసేజ్ ఇన్ ఎ బాటిల్’, ‘సిస్టర్ మూన్’, ‘రాక్సాన్’ అనే పాటల పేర్లు మోస్తున్నాయి.

ఈ పద్ధతిని సమర్థించే అభిప్రాయం ఇప్పుడు తరచూ వినిపిస్తోంది. దాన్ని నాలుగు మాటల్లో చెప్పవచ్చు. ఒకటి, ప్రతి ఆల్బమ్‌కూ ఒక స్వభావం ఉంటుంది, దానికి సరిపోయే రుచి వైన్‌లో దొరుకుతుంది, కాబట్టి ఈ జోడీ రెండు కళల కలయిక. రెండు, సంగీతం వైన్ రుచిని మారుస్తుందని శాస్త్రం నిరూపించింది. మూడు, సీసాలో కళాకారుడి చెయ్యి ఉంటుంది, అందువల్ల అది అతని సృష్టిలో భాగం. నాలుగు, రికార్డుల అమ్మకాలు పడిపోయిన కాలంలో ఇది సంగీతకారుడికి న్యాయమైన ఆదాయం. ఈ పూర్వపక్షంలోని మొదటి మూడు మాటలు పరీక్షకు నిలవవు. నాలుగోది కొంత నిలుస్తుంది గాని, అది నిరూపించేది వ్యాపారాన్నే, కళను కాదు.

ఒక ఆల్బమ్, మూడు రుచులు

మొదటి మాటను పరీక్షించడానికి ఆస్ట్రేలియా రాక్ బృందం ఏసీ/డీసీ పేరున వచ్చిన వైన్లను మించిన ఉదాహరణ లేదు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని వార్‌బర్న్ ఎస్టేట్ 2011లో ఆ బృందంతో ఒప్పందం చేసుకుని నాలుగు వైన్లను విడుదల చేసింది. అవి ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ షిరాజ్, ‘హైవే టు హెల్’ కాబెర్నే సోవిన్యోన్, ‘హెల్స్ బెల్స్’ సోవిన్యోన్ బ్లాంక్, ‘యూ షుక్ మి ఆల్ నైట్ లాంగ్’ మోస్కాటో. ‘హైవే టు హెల్’ 1979 నాటి ఆల్బమ్. మిగిలిన మూడు పేర్లూ 1980లో వచ్చిన ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ అనే ఒకే ఆల్బమ్‌లోనివి.

షిరాజ్ ముదురు రంగులో ఉండే బరువైన ఎర్ర వైన్. సోవిన్యోన్ బ్లాంక్ పులుపు ముందుండే పొడి తెల్ల వైన్. మోస్కాటో ఆల్కహాల్ తక్కువగా ఉండే తేలికైన తీపి వైన్. ఆల్బమ్‌కు ఒక రుచి ఉంటుందన్న సిద్ధాంతం నిజమైతే, ఒకే స్టూడియోలో, ఒకే గాయకుడితో, ఒకే నిర్మాత చేతిమీదుగా కొన్ని వారాల్లో తయారైన పాటలు ఇలా మూడు వైపులకు చెదిరిపోకూడదు. ఆల్బమ్‌కు కాదు, పాటకే రుచి ఉంటుందని సమర్థకులు వెనక్కి తగ్గవచ్చు. అప్పుడు ఆ సిద్ధాంతం మరింత చిక్కులో పడుతుంది. ‘హెల్స్ బెల్స్’ చావు గంటలాంటి మోతతో మొదలవుతుంది. ఆ పాట కోసం ఇంగ్లండ్‌లోని లాఫ్‌బరోలో జాన్ టేలర్ కార్ఖానా పోసిన గంట దాదాపు ఒక టన్ను బరువుంది. అంతటి బరువైన శబ్దానికి నాలుగు సీసాల్లో చల్లగా తాగే తెల్ల వైన్ ఎందుకు వచ్చిందో రుచి సిద్ధాంతం చెప్పలేదు. దుకాణం అర చెబుతుంది. అక్కడ రెండు ఎరుపులు, ఒక తెలుపు, ఒక తీపి ఉంటే అన్ని రకాల కొనుగోలుదారులూ దొరుకుతారు. పైగా ఆ ఏళ్లలో ఆస్ట్రేలియాలో మోస్కాటోకు గిరాకీ జోరుగా పెరుగుతోంది. పాటలకు వైన్లను వెతకలేదు, అమ్ముడుపోయే వైన్లకు పాటల పేర్లు పంచారు అనుకుంటే ఈ నాలుగు సీసాల అమరిక పూర్తిగా అర్థమవుతుంది.

ఆ బృందం స్వయంగా పాటించిన నియమం కూడా ఈ అమరికకు ఎదురు సాక్ష్యం. ఆల్బమ్ అంతా ఒకే రచన, దాన్ని పాటలుగా విడదీసి అమ్మనివ్వబోమని ఏసీ/డీసీ చాలా ఏళ్లు ఐట్యూన్స్ అనే ఇంటర్నెట్ పాటల దుకాణానికి దూరంగా ఉంది. ఆ బృందం పాటలు అందులోకి వచ్చింది 2012 నవంబరులో. అంటే వైన్లు వచ్చిన 2011లో ఆ నియమం ఇంకా అమల్లోనే ఉంది. చెవికి విడదీసి ఇవ్వనన్న ఆల్బమ్‌ను నాలుకకు మాత్రం పాట పాటగా, సీసాకొకటిగా ఇచ్చారు. కళగా చూసినచోట ఏకత్వం, సరుకుగా చూసినచోట విభజన. ఏది ఏదో తేల్చడానికి వేరే ఆధారం అవసరం లేదు.

‘బ్యాక్ ఇన్ బ్లాక్’ పుట్టుక తెలిసినవారికి మరో ఇబ్బంది ఎదురవుతుంది. బృందపు గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరి 19న లండన్‌లో చనిపోయాడు. రాత్రంతా తాగిన తరువాత ఒక కారులో విగతజీవిగా కనిపించాడు. మద్యం విషమించడమే కారణమని విచారణాధికారి తేల్చాడు. అతని స్థానంలో బ్రయన్ జాన్సన్ వచ్చాడు. బహామాస్‌లోని నాసౌలో రికార్డింగ్ జరిగింది. జులై 25న విడుదలైన ఆ ఆల్బమ్ అట్ట నల్లగా ఉండటానికి కారణం సంతాపం, మొదట గంట మోగడానికీ కారణం అదే. మద్యంతో పోయిన మనిషి స్మృతికి వేసిన నలుపును ముప్పై ఒక్క ఏళ్ల తరువాత మద్యం సీసాకు చుట్టారు. అదే ఆల్బమ్‌లో ‘హావ్ ఎ డ్రింక్ ఆన్ మి’ అనే తాగుడు పాట కూడా ఉందనీ, బృందానికే లేని పట్టింపు ఇతరులకు ఎందుకనీ అడగవచ్చు. ప్రశ్న సబబే. మిత్రుడి చావును ఏడుస్తూ చెప్పాలా, గ్లాసెత్తి చెప్పాలా అన్నది ఆ బృందం హక్కు, ఆల్బమ్‌లో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. లేబుల్‌కు మాత్రం ఆ రెండింటిలో ఏదీ ఎక్కలేదు. సంతాపం రాలేదు, పేరూ రంగూ మాత్రమే వచ్చాయి. ఆల్బమ్‌ను సీసాలోకి అనువదించామన్న మాటకు ఇదే అసలైన పరీక్ష. అర్థం దారిలో రాలిపోతే దాన్ని అనువాదం అనరు.

రెండు పంచాంగాలు

విడుదల తేదీకి వైన్‌ను జతచేయడంలో ఉన్న మరో చిక్కు కాలానికి సంబంధించినది. ఉత్తరార్ధగోళంలో ద్రాక్ష కోత సాధారణంగా ఆగస్టు నుంచి అక్టోబరు వరకు, దక్షిణార్ధగోళంలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఉంటుంది. ఏడాదికి ఒక్కటే కోత. పేరున్న ఎర్ర వైన్ పులియడం ముగిశాక ఓక్ పీపాల్లో ఏడాదో ఏడాదిన్నరో ఉండి, సీసాలోకి దిగి, ఇంకొంతకాలం నిలవ ఉంటుంది. కొత్తగా నాటిన తీగ పనికొచ్చే కాపు ఇవ్వడానికే దాదాపు మూడేళ్లు పడుతుంది. ఆల్బమ్ తయారీకి ఇలాంటి కాలబద్ధత లేదు. అది కొన్ని వారాల్లో ముగియవచ్చు, కొన్నేళ్లు నానవచ్చు, చివరి క్షణంలో వాయిదా పడవచ్చు.

కాబట్టి కొత్త ఆల్బమ్ విడుదల రోజున సిద్ధంగా ఉన్న ఎర్ర వైన్, ఆ పాటల్లో చాలావాటికి రూపం రాకముందే కోసిన పండ్లతో తయారైనది. ఆల్బమ్ విని, దానికి తగ్గట్టు ద్రాక్ష పండించి, వైన్ చేసి, అదే రోజుకు అందించడం సాధ్యం కాదు. సాధ్యమైనది ఒక్కటే: అప్పటికే ట్యాంకుల్లో ఉన్న వైన్లలోంచి ఒకటి ఎంచుకుని, లేదా రెండు మూడు కలిపి, కొత్త లేబుల్ అంటించడం. ఈ పనిలో మోసం లేదు. వైన్ వ్యాపారంలో మిశ్రమం చేయడం, ట్యాంకుల లెక్కన కొనడం మామూలు. దాన్ని ఆల్బమ్‌తో కలిసి పుట్టిన కవల అని చెప్పడంలోనే అబద్ధం ఉంది.

పాత ఆల్బమ్‌ల విషయంలో దూరం మరీ పెద్దది. ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ 1973 మార్చిలో వచ్చింది. దాని పేరున్న కాబెర్నే ఆ తరువాత మూడున్నర దశాబ్దాలకు పండిన ద్రాక్షది. అంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. రికార్డింగ్ ఒకసారి జరిగితే స్థిరం. వైన్ ఏటేటా మారుతుంది. ఒక ఏడు ఎండ ఎక్కువై పండులో చక్కెర పెరుగుతుంది, మరో ఏడు వానలు పడి రసం పలచబడుతుంది. ఒకే లేబుల్ కింద వరసగా వచ్చే మూడేళ్ల వైన్లు మూడు వేర్వేరు వైన్లు. వాటిలో ఏది ఆ ఆల్బమ్ రుచి? మొదటిది అంటే మిగతావి నకిలీలు కావాలి. అన్నీ అంటే ఆ ఆల్బమ్‌కు నిర్దిష్టమైన రుచి ఏదీ లేదని ఒప్పుకున్నట్టే.

శాస్త్రం నిజంగా చెప్పేది

సమర్థకులు ఎక్కువగా ఆధారపడేది శాస్త్రం మీద. వారు చూపే పరిశోధనలు నిజమైనవే. వాటి నుంచి వారు తీసే తాత్పర్యమే తప్పు.

ఎడిన్‌బరోలోని హెరియట్-వాట్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ నార్త్ చేసిన ప్రయోగం వీటిలో ప్రసిద్ధం. దాని ఫలితాలు 2012లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకాలజీలో అచ్చయ్యాయి. 250 మందికి చిలీ దేశపు మోంటెస్ కంపెనీ ఎర్ర కాబెర్నే గాని, తెల్ల షార్డనే గాని ఇచ్చారు. కొందరికి కార్ల్ ఓర్ఫ్ ‘కార్మినా బురానా’ నుంచి గంభీరమైన సంగీతం, కొందరికి చైకోవ్‌స్కీ ‘నట్‌క్రాకర్’ నుంచి సున్నితమైన వాల్ట్స్, కొందరికి హుషారైన పాట, కొందరికి మెత్తని నెమ్మది సంగీతం వినిపించారు. ఒక గుంపుకు ఏమీ వినిపించలేదు. గంభీర సంగీతం విన్నవారు అదే వైన్‌ను మరింత గంభీరంగా ఉందన్నారు. సున్నిత సంగీతం విన్నవారికి అది మరింత సున్నితంగా తోచింది.

ఇందులో గమనించవలసింది సీసా. ప్రయోగం మొదటి నుంచి చివరి దాకా రంగుకొక్కటి చొప్పున అవే రెండు వైన్లు. సంగీతం మారినప్పుడల్లా వాటి మీద అభిప్రాయం మారింది. అంటే ఏ మామూలు వైన్ అయినా ఎదుట మోగుతున్న సంగీతపు స్వభావాన్ని అరువు తెచ్చుకోగలదు. అలాంటప్పుడు ఆల్బమ్ కోసం ప్రత్యేక వైన్ చేయవలసిన అవసరమే లేదు. ఇంట్లో ఉన్న ఏ సీసాతోనైనా ఆ పని జరుగుతుంది. పైగా గంభీరత ‘కార్మినా బురానా’ ఒక్కదాని సొత్తు కాదు. అలాంటి స్వభావం ఉన్న ఏ సంగీతమైనా ఆ స్థానంలో ఉండవచ్చు. ప్రత్యేక సంచికకు ఊతమని చూపే ప్రయోగం నిజానికి దాని అవసరాన్నే కొట్టివేస్తోంది.

నార్త్, ఆయన సహచరులు 1997లో నేచర్ పత్రికలో ప్రకటించిన ఇంకో ప్రయోగం మరింత ముక్కుసూటిది. ఇంగ్లండ్‌లో ఒక సూపర్‌మార్కెట్ వైన్ అరల దగ్గర రోజు మార్చి రోజు ఫ్రెంచి, జర్మన్ సంగీతం వినిపించారు. ఫ్రెంచి సంగీతం మోగిన రోజుల్లో 40 ఫ్రెంచి సీసాలు, 8 జర్మన్ సీసాలు అమ్ముడయ్యాయి. జర్మన్ సంగీతం మోగిన రోజుల్లో 22 జర్మన్, 12 ఫ్రెంచి సీసాలు వెళ్లాయి. సంగీతం వల్లే అది కొన్నామని ఒప్పుకున్న కొనుగోలుదారులు చాలా కొద్దిమంది. సంగీతం మనిషి చెయ్యిని అతనికి తెలియకుండానే ఒక సీసా వైపు జరుపుతుందని ఇది చెబుతుంది. ఇది అమ్మేవాడికి ఎంతో విలువైన సమాచారం. రెండు కళల మధ్య బంధుత్వానికి మాత్రం ఇందులో రుజువు లేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో చార్ల్స్ స్పెన్స్ బృందం చేసిన పని దీనికంటే లోతైనది. ఎత్తైన స్వరాలను జనం తీపి, పులుపులతో, మంద్ర స్వరాలను చేదుతో ముడిపెట్టుకుంటారని ఆ బృందం పలుమార్లు చూపించింది. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా కళాకారులతో కలిసి జరిపిన పరీక్షల్లో షాటో మార్గో 2004 వైన్‌కు చైకోవ్‌స్కీ తంత్రీ చతుష్టయం, పుయీ ఫ్యూమే తెల్ల వైన్‌కు మొజార్ట్ వేణు చతుష్టయం సరిపోతాయని పాల్గొన్నవారు ఎంచారు. ఇవి విడివిడి రచనలకు, విడివిడి వైన్లకు సంబంధించిన పోలికలు. పది పాటల ఆల్బమ్‌లో ఎత్తు, మంద్రం, వేగం, నిదానం అన్నీ ఉంటాయి. ముప్పావు గంటసేపు మారుతూ పోయే శబ్దానికి ఒకే ఒక్క వైన్‌ను స్థిరమైన జోడీగా నిర్ణయించడానికి ఆ పరిశోధనలో ఆధారం లేదు.

రుచిని మార్చే శక్తి సంగీతానికి ఒక్కదానికే లేదన్నది కూడా మరవరాదు. 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో బోర్డోలో 54 మందికి వాసనలేని ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్ ఇస్తే వారు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. 2008 నాటి మరో ప్రయోగంలో ఒకే వైన్ ధర 10 డాలర్లని చెప్పినప్పటికంటే 90 డాలర్లని చెప్పినప్పుడు ఎక్కువ రుచించింది, మెదడులో ఆనందానికి సంబంధించిన భాగం కూడా ఎక్కువ స్పందించింది. రంగు, ధర, పేరు, సంగీతం అన్నీ తాగేవాడి అంచనాను మలుస్తాయి. ఇష్టమైన ఆల్బమ్ ముఖచిత్రం ఉన్న సీసాలోని వైన్ అభిమానికి బాగా అనిపించడం సహజం. ఆ ఆనందం అబద్ధం కాదు. అది వచ్చింది మాత్రం లేబుల్ నుంచి, ద్రాక్ష నుంచి కాదు.

సంగీతాన్ని పీపాకే వినిపించే పద్ధతి కూడా ఉంది. మెటాలికా బృందం 2018లో తెచ్చిన ‘బ్లాకెన్డ్’ విస్కీ పీపాలకు తమ పాటల తక్కువ పౌనఃపున్య ధ్వనులను వినిపిస్తామనీ, ఆ కంపనాల వల్ల మద్యం కొయ్యలోకి మరింతగా చొరబడుతుందనీ దాని తయారీదారులు చెబుతారు. కంపనానికి అలాంటి ఫలితం ఉందనుకున్నా, అది కంపనం ఘనత. ఒక మోటారు అదే పౌనఃపున్యంలో పీపాను ఊపినా జరిగేది అదే. పాట సాహిత్యం, గిటారు వరస, గాయకుడి గొంతులోని కోపం వీటిలో ఏదీ కొయ్యకు వినపడదు.

కళాకారుడి చెయ్యి

మూడో మాట కళాకారుడి భాగస్వామ్యం గురించి. ఇక్కడ అందరినీ ఒకే గాటన కట్టకూడదు. టూల్ బృందపు గాయకుడు మేనార్డ్ జేమ్స్ కీనన్ అరిజోనాలోని జెరోమ్ అనే పాత గనుల ఊళ్లో స్థిరపడి, వర్దే లోయలో ద్రాక్ష పండించి, కడ్యూసియస్ సెల్లార్స్ పేరున వైన్ చేస్తున్నాడు. వైన్‌కు పేరులేని ఎడారి నేలలో ఆ పని ఎంత కష్టమో 2010లో వచ్చిన ‘బ్లడ్ ఇంటు వైన్’ అనే డాక్యుమెంటరీ చూపించింది. చనిపోయిన తల్లి జూడిత్ పేరును ఆయన ఒక తోటకు పెట్టుకున్నాడు. ఇది లేబుల్ వ్యాపారం కాదని ఎవరైనా ఒప్పుకోవాలి.

ఈ ఉదాహరణ సమర్థకుల వాదానికి బలమనిపిస్తుంది గాని, జరిగేది దానికి తలకిందులు. టూల్ 2006లో ‘10,000 డేస్’ ఆల్బమ్ తెచ్చింది. తరువాతి ఆల్బమ్ ‘ఫియర్ ఇనాక్యులమ్’ 2019లో గాని రాలేదు. ఆ పదమూడేళ్లూ ద్రాక్ష ఏటా కాసింది, వైన్ ఏటా తయారైంది. కీనన్ వైన్ విలువ దేని మీద ఆధారపడిందంటే నేల మీద, వాతావరణం మీద, ఏడాదిపొడుగునా చేసే పని మీద. ఆల్బమ్ విడుదలతో ముడిపడకపోవడమే దాని బలం. నిజంగా వైన్ చేసే సంగీతకారుడు రెండు పనులను రెండుగానే చూస్తాడని ఇది చెబుతుంది.

ఇటలీలోని మార్కే ప్రాంతంలో లె తెరాజ్జె తోట యజమాని ఆంటోనియో తెర్ని దారి ఇంకొకటి. బాబ్ డిలన్‌కు వీరాభిమాని అయిన ఆయన మోంటెపుల్చానో, మెర్లో ద్రాక్షల మిశ్రమంతో చేసిన వైన్‌కు డిలన్ అంగీకారంతో ‘ప్లానెట్ వేవ్స్’ అని పేరు పెట్టాడు. అది 1974 నాటి డిలన్ ఆల్బమ్ పేరు. ఇక్కడ వైన్ చేసినవాడు వైన్ పనివాడే, పేరు అతని అభిమానానికి గుర్తు. ఎవరి పని ఎవరిదో స్పష్టంగా ఉంది. అభ్యంతరం పెట్టవలసింది ఇలాంటి నివాళి మీద కాదు. సంతకం, బొమ్మ, పేరు మాత్రమే ఇచ్చి, సీసాలో ఉన్నదాన్ని తన కళ అని అమ్మడం మీద.

ఈ తేడాను ఫ్రాన్స్‌లోని షాటో మూటో రోత్‌షీల్డ్ చక్కగా పాటించింది. 1945 నుంచి ఆ సంస్థ ఏటా ఒక చిత్రకారుడి బొమ్మను లేబుల్ మీద ముద్రిస్తోంది. 1973 వైన్‌కు పికాసో బొమ్మ వాడారు. ఆ వైన్‌ను పికాసో రుచి అని ఎవరూ అమ్మలేదు. బోర్డోలో 1973 గొప్ప కాపున్న ఏడు కాదు. పికాసో బొమ్మ ఆ లోపాన్ని సరిచేయలేదు, సరిచేసిందని చెప్పుకోలేదు. బొమ్మ లేబుల్ మీద ఉండిపోయింది, వైన్ తన తోట పేరుతో తాను నిలబడింది.

ఆదాయం సంగతి

నాలుగో మాటలో కొంత నిజం ఉంది. స్ట్రీమింగ్‌లో ఒక్కసారి పాట వింటే హక్కుదారులకు చేరేది సెంటులో చిన్న భాగం. కచేరీలు, చొక్కాలు, వినైల్ రికార్డులు లేకపోతే చాలామంది సంగీతకారులకు గడవదు. అలాంటప్పుడు వైన్ మీద వచ్చే రుసుమును తప్పుపట్టడం అన్యాయమన్న వాదం వినడానికి బాగుంటుంది.

అయితే ఆ రుసుము ఎవరికి అందుతోంది? పింక్ ఫ్లాయిడ్, రోలింగ్ స్టోన్స్, ఏసీ/డీసీ లాంటి బృందాలకు. ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ అమెరికాలోనే కనీసం 2 కోట్ల 50 లక్షల ప్రతుల గుర్తింపు పొందిన ఆల్బమ్. స్ట్రీమింగ్ వల్ల దెబ్బతిన్న చిన్న సంగీతకారుడి పేరుకు వైన్ కంపెనీ అనుమతి అడగదు, ఎందుకంటే ఆ పేరు సీసాను అమ్మలేదు. ఆకలి వాదాన్ని ఆకలి లేనివారి తరఫున వినిపిస్తున్నారు.

‘ప్రత్యేక సంచిక’ అన్న మాట కూడా లెక్కకు నిలవదు. బోర్డో తరహా ఓక్ పీపాలో 225 లీటర్లు పడుతుంది. 750 మిల్లీలీటర్ల సీసాలుగా చేస్తే 300 సీసాలు. నిజంగా ప్రత్యేకమైన వైన్ కొన్ని పీపాలకు మించదు, అంటే కొన్ని వందలు లేదా కొన్ని వేల సీసాలు. కోట్ల మంది అభిమానులున్న ఆల్బమ్‌కు అది చాలదు. సూపర్‌మార్కెట్ల నిండా సరిపోయేంత చేస్తే అది ట్యాంకుల వైన్ అవుతుంది, ప్రత్యేకం కాదు. దాచుకునే జ్ఞాపికగా చూసినా లాభం లేదు. రికార్డు వందసార్లు విన్నా మిగులుతుంది. సీసా తెరిస్తే వైన్ అయిపోతుంది, తెరవకుండా అరలో పెడితే మోస్కాటో, సోవిన్యోన్ బ్లాంక్ లాంటి లేత వయసులో తాగవలసిన వైన్లు కొన్నేళ్లలో పాడవుతాయి. తాగని వైన్‌కు రుచితో పని లేదు, కాబట్టి అక్కడ ఆల్బమ్ రుచి అన్న మాటకే అర్థం ఉండదు.

పానీయాలతో ఆల్బమ్‌ను ముడిపెట్టడం సంగీతపు కొలతనే చెడగొడుతుందని 2019 మేలో బయటపడింది. డీజే ఖాలిద్ ఆల్బమ్ ‘ఫాదర్ ఆఫ్ అసాద్’ను ఎనర్జీ డ్రింక్‌తో కలిపి అమ్మారు. ఆ అమ్మకాల్లో చాలా భాగాన్ని అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాల జాబితా వేసే బిల్‌బోర్డ్ లెక్కలోకి తీసుకోలేదు. మొదటి స్థానం టైలర్, ద క్రియేటర్ ఆల్బమ్ ‘ఇగోర్’కు దక్కింది. ఇలాంటి జోడీ అమ్మకాలను ఆల్బమ్ అమ్మకాలుగా లెక్కించే పద్ధతినే 2020లో బిల్‌బోర్డ్ ఆపేసింది. సరుకు కొన్నవాడు సంగీతం కొన్నట్టు కాదని సంగీత వ్యాపారపు సొంత కొలమానమే ఒప్పుకున్నట్టయింది.

భారతదేశంలో ఇదే ముడి

ఈ బంధం అసలు రూపం భారతదేశంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్ నియమాలు మద్యం ప్రకటనలను నిషేధించాయి. దాంతో మద్యం కంపెనీలు అదే పేరుతో సోడాలు, మ్యూజిక్ సీడీలు చూపించి ప్రకటనలు నడిపాయి. ఇంపీరియల్ బ్లూ విస్కీ పేరున ఏళ్ల తరబడి టీవీలో వచ్చిన ప్రకటనలు పైకి సూపర్‌హిట్స్ మ్యూజిక్ సీడీల కోసమే. బకార్డీ బ్లాస్ట్ పేరున కూడా పాటల సీడీలు వచ్చాయి. తెలుగు ప్రేక్షకులకు ఈ ఒరవడి కొత్త కాదు. మెక్‌డోవెల్స్ మద్యం బ్రాండ్ ప్రచారంలోని ‘నంబర్ వన్ యారీ’ అన్న మాటే 2017లో రానా దగ్గుబాటి నిర్వహించిన తెలుగు ముచ్చట్ల కార్యక్రమానికి పేరైంది. ఇలాంటి ముసుగు ప్రకటనలను వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో జారీచేసిన మార్గదర్శకాలు నిషేధించాయి.

అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఆల్బమ్ పేరు సీసాను అమ్మింది. భారతదేశంలో సీసా పేరు ఆల్బమ్ మీదికి ఎక్కింది. దిశ మారినా పని ఒక్కటే: మద్యాన్ని అమ్మడానికి సంగీతం మీద ఉన్న ఇష్టాన్ని వాడుకోవడం. విస్కీ పేరున్న సీడీలోని పాటల్లో విస్కీ రుచి ఉందని ఇక్కడ ఎవరూ వాదించలేదు. ప్రకటనగా అర్థమైన విషయం మీద అలాంటి మాట నవ్వు తెప్పిస్తుంది. అటు దేశాల్లో అదే మాట కళావిమర్శగా చెలామణీ అవుతోంది, ఎందుకంటే అక్కడ ముసుగు అవసరం లేకపోవడం వల్ల ముసుగు కనపడదు.

సంగీతం, వైన్ కలవకూడదని దీని అర్థం కాదు. నాసిక్‌లో సూలా తోటల దగ్గర 2008లో మొదలైన సూలాఫెస్ట్‌లో వేదిక మీద సంగీతం, గ్లాసులో వైన్ పక్కపక్కనే ఉంటాయి. వైన్ తన పేరుతో ఉంటుంది, పాట తన పేరుతో ఉంటుంది. ఎవరికి ఏది నచ్చితే అది తీసుకుంటారు.

ఆల్బమ్ పేరున వైన్ అమ్మేవారి నుంచి కోరవలసిందీ ఇదే. ద్రాక్ష ఏది, ఏ ఊరిది, ఏ ఏటిది, చేసిందెవరు అన్నవి లేబుల్ ముందువైపు ఉండాలి. సంగీతకారుడు పనిచేసి ఉంటే ఆ పని ఏదో చెప్పాలి, పేరు మాత్రమే ఇచ్చి ఉంటే అదే చెప్పాలి. ఆల్బమ్ రుచి అన్న మాట వాడాలనుకుంటే పేరు కప్పిన గ్లాసుల్లోంచి ఆ వైన్‌ను ఆల్బమ్ విన్నవారు గుర్తుపట్టగలగాలి. ఆ పరీక్షలో నెగ్గేవరకు సీసా మీద ఉన్న ఆల్బమ్ పేరు అద్దెకు తెచ్చుకున్న పేరు, దాని ధరలో ఆ అద్దె కలిసే ఉంటుంది.